ఇసక తప్పేమీ లేదు

పదిహేనేళ్ళు దాటింది. ఒక మాట కడుపులో దాచుకుని తిరిగాను. గుండె మీద బరువంటే కథల్లో ప్రేమో పగో ఉంటుంది. నాది ఫినాయిలు. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. తలుచుకుంటే నాకే చాలాసార్లు నవ్వొచ్చింది. కాని ఆ నవ్వు సగంలో ఉండగానే మా వారి మొహం గుర్తొస్తుంది, అక్కడితో ఆగిపోతుంది.

నా పేరు చెప్పను. ఊరు మాత్రం పాలకొల్లు. ఊళ్ళో చాలా వీధులున్నాయి కనక నన్ను పట్టుకోవడం కష్టం. ఒకవేళ పట్టుకున్నా, మా ఎదురింటి కామేశ్వరి గారికి మాత్రం చెప్పకండి. మీకే ఎందుకు చెబుతున్నానంటారా? మీరు మా వీధివాళ్ళు కాదు. మా ఇంట్లో కాఫీ తాగాలా వద్దా అన్న ప్రశ్న మీకు ఎప్పుడూ రాదు.

మా వారు పాలిటెక్నిక్‌లో సివిల్ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. వీధిలో అందరూ మేష్టారనే అంటారు. అబద్ధం ఆడరు, గొంతు పెంచరు, ఒకరి జోలికి పోరు. ఉన్న ఒకే ఒక్క అలవాటు ముక్కుపొడుం. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది. అన్నేళ్ళు పొడుం పీల్చిన ముక్కుకి సంపెంగ అయినా ఒకటే, కుళ్ళిన కోడిగుడ్డు అయినా ఒకటే.

మా దగ్గర బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. సబ్బు నురగ రాదు. మొక్కకు పోస్తే ఆకుల అంచులు మాడతాయి. అందరం గోదావరి కాలువ మీదే బతకాలి. వేసవిలో ఆ కాలువలు కట్టేస్తారు. ఇక కుళాయి దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది, అదీ చెరువు రంగులో. అలాంటి ఒక వేసవిలో మా వారికి ఈ పిచ్చి పట్టుకుంది. ఒక పక్క నీళ్ళు లేవని ఏడుస్తూ, ఇంకో పక్క ఇంటెడు నీళ్ళు రోజూ మురుగులోకి వదిలేస్తున్నాం, మనంత తెలివితక్కువ వాళ్ళు ఎక్కడైనా ఉంటారా అని నన్ను అడిగేవారు. నేను కందిపప్పు కడుగుతుంటే పక్కకు వచ్చి నిలబడి, ఆ కడుగునీళ్ళు తూములోకి పోతున్నంతసేపూ దిగులుగా చూసేవారు. పెళ్ళయ్యాక నేను మొదటిసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు కూడా అంత దిగులు పడలేదు ఆయన.

సెలవుల్లో పెరడంతా తవ్వించారు. ఆయన పాత విద్యార్థి సత్తిబాబు తోడు వచ్చాడు. ఇంట్లో వాడిన నీళ్ళన్నీ, అంటే వంటింటివీ, స్నానాలవీ, చెప్పక తప్పదు, సెప్టిక్ ట్యాంకు లోంచి పొర్లి వచ్చేవీ, ముందు ఒక కుండీలోకి వెళతాయి. బరువైనదేదో అడుక్కి దిగుతుంది. అక్కణ్ణించి కంకర పోసిన పొడుగాటి గుంటలోకి పోతాయి. ఆ గుంట నిండా డ్రైను గట్టు మీద మొలిచే జమ్ము గడ్డి పీక్కొచ్చి నాటారు. ఆ తరవాత సన్న ఇసక. చిట్టచివర ఇంకో కుండీ. అందులో నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే, చెబితే మీరు నమ్మరు. నేనూ ఆ రోజుల్లో ఒప్పుకోలేదు. వాటికి ఆయన ‘రెండో నీళ్ళు’ అని పేరు పెట్టుకున్నారు. మొక్కలకు, లెట్రిన్‌లో పోసుకోవడానికి అవే. తాగడానికీ వంటకీ మాత్రం ఎప్పటిలాగే కుళాయి నీళ్ళే.

ఈ ఆఖరి ముక్క ఊళ్ళో ఎవరి చెవికీ ఎక్కలేదు. అందుకు కారణం కూడా మా వారే. రెండో నీళ్ళు ఒక గాజుగ్లాసులో పట్టి, హాల్లో టీపాయ్ మీద పెట్టేవారు. వచ్చినవాళ్ళకు చూపించాలట. ఒకసారి ఆయన మేనత్త కొడుకు ద్రాక్షారామంలో దర్శనం చేసుకుని, ఎండన పడి వచ్చి, కూర్చుంటూనే ఆ గ్లాసు ఎత్తారు. మా వారు కంగారు పడకుండా, బావా, అది తాగేది కాదు, చూసేది అన్నారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆ నీళ్ళు ఏ ఏ గదుల నుంచి బయల్దేరి, ఎలా ఎలా ప్రయాణం చేసి ఆ గ్లాసులోకి చేరాయో అంతా వివరించారు. బావగారు గ్లాసు దించి, అలాగే చెయ్యి దూరంగా పట్టుకుని, ఇంకో చుట్టాలింటికి వెళ్ళి తలంటు పోసుకున్నారు. మా ఇంట్లో పోసుకోమంటే వినలేదు.

అది మొదలు. తరవాత మా ఇంట్లో కాఫీ తాగడం అందరూ మానేశారు. ఇప్పుడే తాగొచ్చామండి అనేవారు. సాయంత్రం నాలుగింటికి వచ్చినా, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చినా అదే మాట. మీకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. నేను పెట్టే కాఫీకి మా వీధిలో పేరుంది. పెళ్ళిచూపులున్నాయంటే డికాషను తీసిపెట్టమని నన్ను పిలిచేవారు. అలాంటిదాన్ని, గ్లాసులు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, వద్దనిపించుకుని వెనక్కి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. కుళాయి నీళ్ళతోనే పెట్టానండీ అని కామేశ్వరి గారితో ఒకసారి ప్రమాణం చేసినంత పని చేశాను. మీ సంగతి నాకు తెలీదాండీ, కాని మేష్టారు ఎప్పుడు ఏ నీళ్ళు ఏ బిందెలో పోస్తారో ఎవరికి తెలుస్తుంది అన్నారావిడ. తల కొట్టేసినట్టయింది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నాను? తప్పు నాది కాదనిపించుకోడానికా? కొంత అదే అయి ఉంటుంది. ఒప్పుకోడానికి కూర్చుని కూడా మనిషి తన పక్కకే తూకం లాగుతుందేమో.

ఆ పెరట్లో ఒక్కటి మాత్రం నాకు ఇష్టం ఉండేది. అమృతపాణి అరటి. ఉప్పునీళ్ళకు ఏళ్ళ తరబడి ముక్కుతూ మూలుగుతూ బతికిన పిలక, రెండో నీళ్ళు తాగాక చూస్తూండగా ఎదిగిపోయింది. గెల ఎంత బరువుగా వేసిందంటే రెండు వైపులా వెదుళ్ళు పోటు పెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడు శ్రావణమాసానికి సరిగ్గా పండింది. నేను మురిసిపోయాను. వరలక్ష్మీ వ్రతం నాడు బజారు పళ్ళు కొనకుండా, తాంబూలంలో, నానబెట్టిన శనగలతో పాటు, రెండేసి అమృతపాణి పళ్ళు పెట్టి వీధి వీధంతా వాయనం ఇచ్చాను. అందరూ కొంగుపట్టి పుచ్చుకున్నారు. ఎంత బాగున్నాయండీ పళ్ళు అన్నారు. హమ్మయ్య, నా పరువు నాకు తిరిగొచ్చింది అనుకున్నాను.

పరువు రాలేదు. పళ్ళు వచ్చాయి. ఆ సాయంత్రం నేను పేరంటానికి ఇల్లిల్లూ తిరిగి, సంచీ నిండా వాయనాలతో ఇంటికొచ్చి నేలమీద పోసుకుంటే, అందులో మూడొంతులు అమృతపాణి. మా వీధిలో ఇంకెవరి పెరట్లోనూ ఆ చెట్టు లేదు. ఆ ఏడు బజార్లో అందరూ కొన్నవి కర్పూర చక్కెరకేళి. అంటే ఏం జరిగిందో అర్థమైంది. వాయనం ఇస్తే కాదనకూడదు కనక పుచ్చుకున్నారు. తినలేరు కనక ఇంకొకరికి ఇచ్చేశారు. వాళ్ళు ఇంకొకరికి. అలా వీధంతా చుట్టి, చివరికి తినేవాళ్ళు ఎవరున్నారంటే నేనే కనక, నా దగ్గరికే చేరాయి. వీధిలో ఎవరూ ముందుగా కూడబలుక్కోలేదు, ఎవరికి వారికే ఒకే ఆలోచన వచ్చింది. అది ఇంకా బాధ.

మా వారు వచ్చి చూశారు. సంగతి చెప్పాను. ఆయన ఒక పండు ఒలుచుకుని తింటూ నవ్వారు. పెరట్లో నీళ్ళకు పట్టినంత టైము కూడా పట్టలేదే, ఒక్క పూటలో తిరిగొచ్చేశాయి అన్నారు. పాపం, నన్ను నవ్వించాలనే అన్నారు. ఆయనకు తెలియకపోయినా నాకు తెలుసు, నేను ఆ నిమిషంలోనే నిర్ణయం తీసుకున్నాను.

ఆ గుంట కట్టిన రోజునే ఆయన నాకు ఒక ఆంక్ష పెట్టారు. ఇంట్లో ఫినాయిలు చుక్క పడకూడదు. యాసిడ్ అసలు గుమ్మం దాటి రాకూడదు. ఆ కంకరలో, జమ్ము వేళ్ళ దగ్గర కంటికి కనిపించని ప్రాణులు కోట్లలో ఉంటాయట. మురుగును తిని నీళ్ళను బాగుచేసేది అవేనట. జీతం అడగకుండా పనిచేసేవాళ్ళకు విషం పెట్టకూడదు కదా అనేవారు. కనక నాకు తెలీక చేశానని అనడానికి లేదు. పూర్తిగా తెలిసే చేశాను.

మా వీధిలోకి సైకిలు మీద ఫినాయిలు అమ్మే అతను వచ్చేవాడు. ఆపాను. ఒక డబ్బా కొంటాననుకున్నాడు, ఉన్నదంతా ఇమ్మన్నాను. పెళ్ళా అమ్మా ఇంట్లో అని అడిగాడు. మర్నాటి నుంచి మా వారు కాలేజీకి వెళ్ళగానే లెట్రిన్‌లో చెంబుడు పోయడం మొదలుపెట్టాను. మొదటి రోజు వీధి తలుపు గడియ పెట్టి మరీ పోశాను. రెండో రోజు నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను: శుభ్రం చేసుకోవడం తప్పా? ఏ ఇల్లాలు ఫినాయిలు పొయ్యదు? మూడో రోజుకి గడియ కూడా పెట్టలేదు, అదే నాకు ఇప్పటికీ భయం. తప్పు చెయ్యడానికి మనిషికి ఎంత తక్కువ సాధన చాలో చూడండి.

కాని అంత తొందరగా ఏమీ కాలేదు. ఆ గుంట మొండిది. నేను పోస్తూనే ఉన్నాను, చివరి కుండీలో నీళ్ళు తేటగా వస్తూనే ఉన్నాయి. వారం దాటాక జమ్ము పసుపుపచ్చగా తిరిగింది. తరవాత కుండీ బూడిద రంగులోకి, ఆ తరవాత నలుపులోకి వచ్చింది. వాసన మొదలైంది. ఎలాంటి వాసనంటే, పక్కవీధి కుక్కలు మా ఇంటి ముందు దారి మార్చుకునేవి. మా వారికి ఏమీ తెలియలేదు. పొడుం పీల్చుకుంటూ, జమ్ము ఎందుకు వాడిందో, నత్రజని తక్కువైందేమో అని ఆ పక్కనే కుర్చీ వేసుకుని ఆలోచించేవారు.

ఇంతలో ఊరి చివర కొత్త కాలనీ వేస్తున్న పెద్దమనుషులు వచ్చి చూస్తామని కబురు చేశారు. వాళ్ళకు నచ్చితే కాలనీ మొత్తానికి ఇలాంటిదే కట్టిస్తారట. వాళ్ళు వచ్చేలోగా నీళ్ళు అవే తేరుకుంటాయని నమ్మి, ఆయన ఆ వారం పిల్లాడిలా తిరిగారు. ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నారు. అప్పుడైనా చెప్పవచ్చు కదా? వాళ్ళను ఆపడానికి, గుంట బాగుచేసుకోవడానికి కాస్త టైమైనా దొరికేది. నాకు ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చింది, దాన్ని పక్కకు నెట్టి పులిహోర కలిపాను.

వాళ్ళు వచ్చారు. గేటు దగ్గరే జేబురుమాళ్ళు బయటికి వచ్చాయి. మా వారు ఆఖరి కుండీలోంచి గ్లాసు ముంచి ఎత్తారు. మసి కలిపిన గంజిలా ఉంది. ఎండకు ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. ఆయన మాట కోసం తడుముకోవడం నేను అప్పుడే చూశాను. వాళ్ళలో పెద్దాయన మర్యాదస్తుడు. ముందు వాసన సంగతి చూడండి మేష్టారూ, తరవాత కబురు చెయ్యండి అని, పులిహోర వంక కూడా చూడకుండా వెళ్ళిపోయారు. ఎదురింటి అరుగు మీద నుంచి కామేశ్వరి గారు, ఏంటండీ మధ్యలో ఫినాయిలు వాసన కూడా వస్తోంది అన్నారు. పెద్దవాళ్ళు వస్తున్నారని వాకిట్లో చల్లానండి అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం.

ఆ సాయంత్రం మా వారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. నన్నేదో అడుగుతారనుకుని గిన్నెలు గట్టిగా తోమడం మొదలుపెట్టాను. ఆయన అడగలేదు. నాకు క్షమాపణ చెప్పారు. తప్పంతా ఇసకదట. మరీ సన్నది వేయించారట, అది పూడుకుపోయి లోపల గాలి ఆడలేదట, ఆయన లెక్కే తప్పట. ఇన్నాళ్ళూ నిన్ను వీధిలో తలెత్తుకోనివ్వలేదు, నీ మాట విని ఉండాల్సింది అన్నారు.

ఇదీ నా అసలు నేరం. ఫినాయిలు పోయడం కాదు. ఆ క్షమాపణ నేను పుచ్చుకున్నాను. పైగా, పోనీలెండి, పొరపాట్లు అందరూ చేస్తారు అని పెద్ద మనసుతో ఆయన్ని క్షమించాను కూడా.

గుంట పూడ్పించారు. వీధివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కాఫీ తాగడం మొదలుపెట్టారు. నేను గెలిచాను. అరటి మాత్రం మరుసటి వేసవిలో ఉప్పునీళ్ళకు తట్టుకోలేక చిటికెన వేళ్ళంత కాయలు వేసి చచ్చిపోయింది. మునుపటి పళ్ళు ఎంత తియ్యగా ఉండేవండీ అని కామేశ్వరి గారు ఒకసారి నిట్టూర్చారు. మీకెలా తెలుసండీ అని అడిగాను. ఆ వ్రతం నాడు ఒక్కటి ఉంచుకున్నానులెండి అన్నారు, అటు తిరిగి.

ఆ తరవాత మా వారు ఏ కొత్త పనీ మొదలుపెట్టలేదు. పాఠాలు చెప్పారు, రిటైరయ్యారు, పేపరు చదివారు. కూతురి ఇంటికి గోడ కడుతుంటే కూడా సలహా చెప్పమంటే, నా లెక్కలు నమ్మకండి అని నవ్వేసేవారు. అందరూ ఆయన వినయం అనుకునేవారు. అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడ ఆయనకు రోజూ అన్నం వడ్డిస్తూ ఉండేది.

మొన్న సత్తిబాబు ఫోన్ చేశాడు. ఇప్పుడు పెద్ద ఇంజనీరు. తుని దగ్గర ఎవరో కడుతున్న ఇళ్ళన్నిటి మురుగునూ శుభ్రం చేసి, మొక్కలకూ లెట్రిన్లకూ తిరిగి వాడే పని అతని చేతికొచ్చింది. మనం పెరట్లో చేసిందే మేష్టారూ, కొంచెం పెద్దది అంటున్నాడు. సెల్లులో మాట బయటికి వినిపిస్తోంది. ఇసక ఏది వేశావని మా వారు అడిగారు. మనం వేసిన సన్నదే అన్నాడు. మొత్తం తీయించెయ్, నేను చెడిపోయింది అక్కడే, పరువు పోతుంది నీకు అన్నారు మా వారు. పాపం సత్తిబాబు, పరీక్షల్లో బాగానే వచ్చింది మేష్టారూ అని నసుగుతున్నాడు. నా మాట విను అంటున్నారీయన. అతను రేపటి నుంచే తవ్విస్తానని ఒప్పుకుని ఫోన్ పెట్టేశాడు.

నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. ఇన్నాళ్ళూ నా అబద్ధం మా పెరట్లోనే పడుందనుకున్నాను. అది తుని దాకా నడిచి వెళ్ళింది. గ్లాసు ఆయన ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

“ఏవండీ, ఇసక తప్పేమీ లేదండి.”

“ఇసక సంగతి నీకేం తెలుసు?” అన్నారు.

“ఇసక సంగతి తెలీదండి. ఫినాయిలు సంగతి తెలుసు. నేనే పోశాను. మీరు కాలేజీకి వెళ్ళాక.”

పొడుం డబ్బీ మూత తీస్తున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. అరుస్తారేమో అనుకున్నాను. ఏడుస్తారేమో అని ఇంకా భయపడ్డాను.

“ఎంత పోశావు?”

“రోజుకి చెంబుడు.”

“ఎన్నాళ్ళు?”

“జమ్ము పసుపుపచ్చగా తిరిగేదాకా. వారం పైనే.”

ఆయన నన్ను చూడలేదు. పెరటి వైపు చూస్తూ, తనలో తను అనుకున్నట్టుగా అన్నారు. “రోజుకి చెంబుడు ఫినాయిలు. అయినా వారం తట్టుకుందన్నమాట.”

ఆ గొంతులో కోపం నాకు వినిపించలేదు. గర్వం వినిపించింది. నా తప్పు ఒప్పుకుంటుంటే నా వంక చూడకుండా ఆ గుంటను మెచ్చుకునే మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాను. నాకు దుఃఖం, నవ్వు, కొంచెం ఒళ్ళుమంట, మూడూ ఒకేసారి వచ్చాయి.

వెంటనే సత్తిబాబుకి ఫోన్ చేశారు. ఇసక తియ్యకు, సన్నదే ఉంచు అన్నారు. కారణం చెప్పలేదు. పెట్టేసే ముందు మాత్రం, ఒక్క మాట, ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళను అడిగే కడుతున్నావా అని అడిగారు. అది నా మీద జాలో, దెప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కాఫీ చల్లారిపోయింది. తాగలేదు.

క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. ఒకసారి దానం చేసినట్టు ఆయన్ని క్షమించినదాన్ని, మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? ఈ రెండు రోజులూ అవసరమైన మాటే మాట్లాడుతున్నారు. ఉప్పు, మందులు, తలుపు. నిన్న పొద్దున గునపం తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. ఈ వయసులో ఎందుకండీ అంటే వినిపించుకోలేదు. పాత గుంట ఉన్నచోట తవ్వి, అడుగునుంచి దోసెడు ఇసక తీసి, కడిగి, వరండాలో పేపరు పరిచి ఆరబోశారు. వేళ్ళతో రాస్తూ, కళ్ళజోడు పైకెత్తి చూస్తూ కూర్చున్నారు.

అది చూసి కామేశ్వరి గారు, ఏంటండీ ఆ ఇసక అని ఎదురింటి నుంచి అడిగారు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మేష్టారి లెక్క తప్పలేదండీ, నేనే తప్పాను అని ఒక్క ముక్క. వీధంతా ఆయన్ని ఇన్నేళ్ళూ ఏమనుకుందో, ఆ ఒక్క ముక్కతో సరిపోయేది. నేను చెప్పిందేమిటంటే, కాఫీ తాగుతారాండి అని.

అందుకే మీకు రాస్తున్నాను. సగమే ఒప్పుకున్నాను, తెలుసు. అయినా రాసినంత మేర గుండె తేలికపడింది, అది అబద్ధం కాదు. ఇసక ఇంకా వరండాలోనే ఉంది. రెండు పూటలా ఊడుస్తూ దాని చుట్టూ చీపురు తిప్పుతున్నాను.